బాటకు ఏటా డబ్బు కావాలి: మొదటి సాలార్‌జంగ్

సాలార్‌జంగ్ అనగానే పాతబస్తీ పక్కన మ్యూజియం చూసి వచ్చిన మనకు బొమ్మలు, గడియారాలే గుర్తొస్తాయి. వాటిలో ఎక్కువ భాగం సేకరించింది మూడవ సాలార్‌జంగ్. మనం తెలుసుకోవలసింది ఆయన తాత మీర్ తురాబ్ అలీఖాన్ గురించి.

1829లో పుట్టిన ఆయన 1853లో, ఇరవై నాలుగేళ్లకే నిజాం సంస్థానానికి దివాన్ అయ్యారు. పాతబస్తీలోని దివాన్ దేవిడీ ఆయన నివాసం. ఆ ఏడాదే అప్పుల కింద బేరారు బ్రిటిష్‌వారి చేతికి పోయింది. శిస్తు వసూలు గుత్తకిచ్చేవారు. గుత్త పట్టినవాడికి రాబడే ముఖ్యం, ఊరిబాట గోడు పట్టదు. మట్టిబాట ఒక్క వానాకాలానికే కోసుకుపోతుంది. ఏటా మొరం పోయాలి, పక్కన కాలువ తీయాలి. అందుకు ముందు ఖజానా నిలబడాలి.

ఆయన గుత్తలు తీసేసి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టారు. 1865లో జిల్లాబందీ జరిగింది. ప్రజాపనులకు ఒక శాఖ ఏర్పడింది. 1874లో హైదరాబాదుకు రైలు వచ్చింది. అయితే జాగీరు గ్రామాలు ఈ ఏర్పాటుకు బయటే మిగిలాయి. ఆయన కూడా పెద్ద జాగీర్దారే. ఖజానా నింపింది మాత్రం శిస్తు కట్టిన రైతు.

1883 ఫిబ్రవరి 8న ఆయన కలరాతో కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది.

మిత్రులారా, మనలో ఎక్కువమందిమి బురదబాటల్లో నడిచి బడికెళ్లినవాళ్లమే. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు బాగోగులు చూడాలి. ఆరో ఏడు మరమ్మతుకు డబ్బెక్కడిదని గ్రామసభలో అడగవలసింది చదువుకున్న మనమే.