ఎక్కకుండానే ఎవరెస్ట్ ఎత్తు కట్టిన లెక్కల మనిషి

బొబ్బిలి వాళ్లకి కొండలు కొత్త కాదు. సాలూరు రోడ్డెక్కితే చాలు, తూర్పు కనుమలు ఎదురొస్తాయి. వాటిలో ఓ కొండ ఎత్తు చెప్పమంటే మీరేం చేస్తారు? ఫోన్ తీస్తారు. మరి ఫోన్, శాటిలైట్ లేని రోజుల్లో, సర్వేవాళ్లకి అనుమతే లేని నేపాల్లోని శిఖరాన్ని ఎలా కొలవాలి? ఆ లెక్కలో ముఖ్యుడు రాధానాథ్ సిక్దర్. సివిల్ అయినా, డేటా సైన్స్ అయినా, మీరు తెలుసుకోవాల్సిన మనిషి.

1813లో కలకత్తాలో పుట్టాడు. హిందూ కాలేజీలో లెక్కలు నేర్చి, 1831లో గ్రేట్ ట్రిగనోమెట్రికల్ సర్వేలో చేరాడు. ఉద్యోగం పేరు కంప్యూటర్! అప్పట్లో కంప్యూటరంటే మెషీన్ కాదు, లెక్కలు కట్టే మనిషి.

1843లో డెహ్రాడూన్‌లో ఓ మేజిస్ట్రేట్ సర్వే కూలీలతో తన సామాన్లు వెట్టికి మోయిస్తుంటే అడ్డుపడ్డాడు. 200 రూపాయల జరిమానా పడింది. అయినా వెట్టి సంగతి జనం నోళ్లలో పడింది.

1849లో కలకత్తాలో చీఫ్ కంప్యూటర్ అయ్యాడు. సర్వేయర్లు 160 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మైదానంలో నిలబడి థియోడొలైట్‌తో శిఖరం కోణాలు తీశారు. దూరం, కోణం తెలిస్తే ఎత్తు వస్తుందని మీరు టెన్త్‌లోనే చదివారు కదా? అసలు చిక్కు అక్కడే. గాలిలో వెలుతురు వంగుతుంది, భూమేమో గుండ్రం. ఆ రెండు తప్పులూ సరిచేయకపోతే ఎత్తు వేల అడుగులు తేడా వస్తుంది. అదంతా లాగరిథమ్ టేబుల్స్‌తో, చేత్తోనే చేశారు.

అప్పటిదాకా కాంచనజంగే అన్నిటికన్నా ఎత్తనుకునేవారు. 1852 నాటి లెక్కల్లో 15వ నంబరు శిఖరం దాన్ని మించింది. మళ్లీ మళ్లీ సరిచూసి 1856లో ప్రకటించారు: 29,002 అడుగులు, అంటే దాదాపు 8,840 మీటర్లు. 2020లో ప్రకటించిన ఎత్తు 8,848.86. తేడా సుమారు 9 మీటర్లే!

ఇది ఒక్కడి పని కాదు, నిజమే. కానీ 1865లో శిఖరానికి ఖాయమైన పేరు మాజీ సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్‌ది. రాధానాథ్ 1870లో కన్నుమూశాడు. ఆయన రాసిన అధ్యాయాలున్న సర్వే మాన్యువల్ 1875లో మళ్లీ అచ్చయినప్పుడు, ముందుమాటలోంచి ఆయన పేరు తీసేశారు. 2004లో తపాలా బిళ్ల వచ్చింది.

ఈసారి మీ ప్రాజెక్ట్ రిపోర్టు మొదటి పేజీలో లెక్క కట్టినవాళ్ల పేర్లు కూడా రాయండి.