శీలము - సాక్ష్యము: స్టీఫెను చరిత్రము

సర్ జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెను 1829లో లండనున జన్మించెను. 1869లో రాజప్రతినిధి సభకు న్యాయసభ్యుఁడై వచ్చి, 1872 నాఁటి సాక్ష్యపు చట్టమును రచించెను. ముద్దాయి సచ్ఛీలము గ్రాహ్యమనియు, అతఁడే దానిని ముందుంచిననే గాని దుశ్శీలము గ్రాహ్యము కాదనియు అందు విధించెను.

1889లో లివర్పూలున, భర్తకు విషమిడెనను నేరముపై ఫ్లోరెన్సు మేబ్రిక్కును విచారించిన న్యాయాధిపతి యీతఁడే. వ్యభిచారము హత్యకు హేతువును సూచింపవచ్చును. కాని జూరీకి బోధించునపుడు ఈతఁ డామె శీలమునే తీవ్రముగ నెత్తిచూపెను. ఆమెకు పడిన మరణశిక్ష పిదప యావజ్జీవ ఖైదుగ మాఱెను. 1904లో విడుదల కలిగెను. స్టీఫెను 1891లో పదవి విడిచి, 1894లో మరణించెను.

2024లో ఆ చట్టము స్థానమున వచ్చినదియు నీ సూత్రమునే నిలిపినది. దుశ్శీలుఁడైనంతనే దోషి కాఁడని వ్రాయుట సులభము. తీర్పువేళ మఱవకుండుట కష్టము. సూత్రకర్తయే తడఁబడినచోట మనము మఱింత జాగరూకులమై యుండవలెనని మా యభిప్రాయము.