పాల్ ఏర్లిక్ మహాశయుని జీవితము

వ్యాధి యెచ్చట నున్నదో మొదట కంటితో జూచి, అచ్చటికే ఔషధమును బంపవలెనను వైద్యమార్గము నేడు లోకమున విస్తరించుచున్నది. దీనికి మూలపురుషులలో అగ్రగణ్యుడు పాల్ ఏర్లిక్. ఆయన చరిత్రము మన సంఘ విద్యార్థులు తెలిసికొనదగినది.

ఏర్లిక్ 1854 మార్చి 14వ తేదీని సైలీషియాలోని ష్ట్రేలెన్ పట్టణమున యూదు కుటుంబమునందు జన్మించెను. అప్పుడు జర్మనుల పాలనలోనున్న ఆ పట్టణ మిపుడు పోలండు దేశములోనిది. విద్యార్థిదశయందే ఆయనకు అద్దకపు రంగులపై మక్కువ కలిగెను. ఒక్కొక్క రంగు కొన్ని కణములనే యంటి తక్కినవానిని విడుచుట జూచి, కారణమేమని విచారింపసాగెను. 1878లో లైప్జిగ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసము నీ విషయమును గూర్చినదే. పిదప రక్తమునందలి తెల్లకణములను రంగుల సాయముననే జాతులుగా విభజించెను.

1882లో కోఖ్ పండితుడు క్షయక్రిమిని కనుగొన్నట్లు ప్రకటింపగా, ఆ క్రిమిని స్పష్టముగా జూపు అద్దకపు విధానమును ఏర్లిక్ ఆ సంవత్సరమే సిద్ధపరచెను. విధివిలాస మేమనవచ్చును! కొన్నియేండ్లకు ఆయన కఫమునందే ఆ క్రిములు కానవచ్చెను. 1888లో భార్యాసమేతుడై ఈజిప్టున కేగి, స్వస్థుడై మరలివచ్చెను.

రంగు క్రిమిని మాత్రమే పట్టగలిగినచో, క్రిమిని మాత్రమే చంపు ఔషధము నేల కూర్పరాదని ఆయన యాలోచన. దశరథుడు లక్ష్యమును జూడక, శబ్దమును బట్టి బాణము విడిచి మునికుమారుని జంపిన కథ మన మెఱుగుదుము. ఔషధమును అట్టిదే. గుఱి తప్పినచో రోగికే హాని. గుఱి తప్పని బాణమును నిర్మించుటయే ఏర్లిక్ తన జీవితవ్రతముగా గైకొనెను.

1891లో మిథిలీన్ బ్లూ అను రంగును ఇద్దఱు మలేరియా రోగుల కిచ్చి గుణము గాంచెను. 1908లో రోగనిరోధశక్తిని గూర్చిన పరిశోధనలకై మెచ్నికోవ్‌తో గూడ నోబెల్ బహుమానము నందెను. ఫ్రాంక్‌ఫర్టులోని తన పరిశోధనాలయమున పాషాణసంబంధములగు మందులను వందలకొలది పరీక్షింపజేసెను. అందు 606 సంఖ్య గలది మొదట నిష్ప్రయోజనమని మూలబడియుండెను. 1909లో జపానుదేశీయుడగు హాతా దానిని మరల పరీక్షింపగా, సవాయి యనబడు సిఫిలిస్ రోగము సోకిన కుందేళ్లు స్వస్థత నొందెను. 1910లో అది సాల్వర్సాన్ పేర వెలసెను.

ఆ మందు నెందఱో కొనియాడిరి. కాని యది దోషరహితము కాదు, కొందఱికి హానియు గలిగెను. నిందలు మిన్నుముట్టెను, వ్యవహారము 1914లో న్యాయస్థానమున కెక్కెను. అయినను ఏర్లిక్ దోషమును మఱుగుపఱుపక, వైద్యులనుండి రోగుల వృత్తాంతములను దెప్పించి చదివి, 1912 నాటికే సులభముగా వాడదగు నియోసాల్వర్సాన్‌ను సిద్ధపరచియుండెను. 1915 ఆగస్టు 20వ తేదీని బాడ్ హోంబుర్గులో కీర్తిశేషుడయ్యెను.

ఆయన తలంపు ఆయనతో నశింపలేదు. 1941లో బోస్టన్ నగరమున కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి రోగమునకు రేడియోధార్మిక అయోడిన్‌తో చికిత్స ప్రారంభమయ్యెను. ఆ గ్రంథి అయోడిన్‌ను తానే గ్రహించును గనుక, అదియే రోగస్థానమును జూపును, అదియే చికిత్సయు జేయును. 2022లో అమెరికా ప్రభుత్వ మంగీకరించిన ప్రోస్టేట్ క్యాన్సరు చికిత్సయు నీ మార్గముదే. మొదట గాలియం గల మందు స్కానులో కణితిని జూపును. పిదప లుటీషియం గల మందు ఆ గుఱుతునే పట్టి కణితిని దహించును.

బాలురారా! పరీక్షలో తప్పిన మందును మరల పరీక్షింపజేసిన ఓర్పును, తన మందు దోషమును తానే వెదకిన సత్యనిష్ఠను ఈ మహనీయునినుండి నేర్చికొనుడు.