గ్రహాల దారి కనిపెట్టిన హాస్టల్ విద్యార్థి – కెప్లర్

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుని జీవితం రాసుకోవడం మన హాస్టల్ ఆనవాయితీ. ఈసారి ఎవరి గురించి రాయాలా అని మేమంతా కూర్చుని ఆలోచించినప్పుడు కెప్లర్ పేరు వచ్చింది. ఆయన మూడు నియమాలను పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్ళమే గానీ, ఆయన కూడా మనలాగే ప్రభుత్వ ఖర్చుతో వసతి గృహంలో ఉండి చదువుకున్నాడని మాకు మొన్నటిదాకా తెలియదు. తెలిశాక ఆయన మీద అభిమానం రెట్టింపయింది.

జొహానెస్ కెప్లర్ 1571 డిసెంబర్ 27న జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబమే గానీ ఆయన పుట్టేనాటికి చితికిపోయింది. తండ్రి కూలికి యుద్ధాలు చేసే సిపాయి. ఇంటి పట్టున ఉండేవాడు కాదు, చివరకు వెళ్ళిపోయి మళ్ళీ తిరిగి రాలేదు. చిన్నతనంలో మశూచి సోకి కెప్లర్ చూపు దెబ్బతింది. ఆకాశాన్ని చదవాల్సినవాడికి నక్షత్రాలు సరిగా కనిపించని కళ్ళు మిగిలాయి!

అయినా ఆ ఆకాశాన్ని మొదట చూపించింది తల్లే. 1577లో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని ఎత్తయిన చోటికి తీసుకెళ్ళి చూపించింది. ఆ దృశ్యం ఆయన జీవితాంతం మరచిపోలేదు. బడికి పంపడం కంటే పొలం పనికి పంపడమే ఎక్కువ కావడంతో మూడు తరగతుల చదువుకు ఐదేళ్ళు పట్టింది. మనలో ఎంతమందికి ఇది సొంత కథలా అనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

ఆ రాజ్యంలో ఒక మంచి ఏర్పాటు ఉండేది. తెలివైన పేద పిల్లలకు పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్ళను మఠాల్లో నడిచే వసతి పాఠశాలల్లో ఉచితంగా చదివించేవారు. కెప్లర్ ఆ పరీక్ష నెగ్గాడు. తెల్లవారకముందే లేవడం, ప్రార్థన, కఠినమైన క్రమశిక్షణ, తోటి పిల్లలతో గొడవలు, అలకలు అన్నీ అక్కడా ఉన్నాయి. అక్కడి నుంచి 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మేస్ట్లిన్ అనే గురువు దగ్గర, సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని నేర్చుకున్నాడు. మత బోధకుడు కావాలనుకున్న ఆయనను 1594లో గ్రాజ్ పట్టణంలో లెక్కల మాస్టారుగా పంపారు.

మాస్టారుగా ఆయనకు మంచి పేరేమీ రాలేదు. మొదటి ఏడు కొద్దిమందే క్లాసుకు వచ్చారు. రెండో ఏడు ఒక్కరూ రాలేదు! లెక్కలు అందరికీ ఎక్కే చదువు కాదులే అని పై అధికారులు సరిపెట్టుకుని, ఆయనకు వేరే పాఠాలు కూడా అప్పజెప్పారు. కానీ ఆయన జీవితం మలుపు తిరిగింది ఆ తరగతి గదిలోనే. 1595 జులైలో గురుడు, శని ఆకాశంలో కలుసుకునే చోట్లను బొమ్మ గీసి చూపిస్తుండగా ఒక ఆలోచన మెరిసింది. గ్రహాల మధ్య దూరాలకు ఏదో ఒక లెక్క ఉండి తీరాలి అనుకున్నాడు. అప్పటికి తెలిసిన గ్రహాలు భూమితో కలిపి ఆరే. వాటి మధ్య ఐదు ఖాళీలున్నాయి. ఘనం వంటి ఐదు క్రమ ఘనాకృతులను వాటిలో అమర్చి 1596లో పుస్తకం రాశాడు. అది తప్పు. కానీ ఆ తప్పే ఆయనను అసలు దారికి చేర్చింది.

మతం కారణంగా 1600లో గ్రాజ్ నుంచి వెళ్ళగొట్టారు. ప్రాగ్‌లో ఉన్న టైకో బ్రాహి దగ్గర చేరాడు. టెలిస్కోపు లేని ఆ రోజుల్లో టైకో అంత కచ్చితంగా గ్రహాల స్థానాలు కొలిచినవారు లేరు. చూపు ఒకరిది, లెక్క ఇంకొకరిది! టైకో 1601లో చనిపోగా ఆ కొలతలు కెప్లర్ చేతికి వచ్చాయి. అంగారకుడి దారిని ఎనిమిది రోజుల్లో తేలుస్తానని పందెం కట్టినవాడికి దాదాపు ఐదేళ్ళు పట్టింది.

మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. వృత్తాలతో ఆయన వేసిన లెక్క టైకో కొలతలతో దాదాపు సరిపోయింది. ఒకచోట మాత్రం 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక నిమిషం. అంటే ఆ తేడా పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు నాలుగో వంతు. ఇంకొకరైతే వదిలేసేవారు. కెప్లర్ వదల్లేదు. టైకో కొలత తప్పు కాదు, నా లెక్కే తప్పు అని ఒప్పుకుని ఏళ్ళ శ్రమను పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండు వేల ఏళ్ళుగా అందరూ నమ్మిన వృత్తం అలా పోయి దీర్ఘవృత్తం వచ్చింది.

1609లో రెండు నియమాలు ప్రకటించాడు. గ్రహం దీర్ఘవృత్తంలో తిరుగుతుంది, సూర్యుడు దాని ఒక నాభి దగ్గర ఉంటాడు. సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా నడుస్తుంది. మనకు చలిగా ఉండే జనవరి మొదటి వారంలోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉంటుందని తెలిసి మేమూ ఆశ్చర్యపోయాం. ఇంకో మాట, పుస్తకాల్లో కోడిగుడ్డులా గీసే బొమ్మ అర్థం కావడానికే. అంగారకుడి కక్ష్యను సరైన కొలతతో గీస్తే సున్నాలాగే కనిపిస్తుంది. అంత చిన్న తేడాను ఆయన పట్టుకున్నాడు!

మూడో నియమం 1619లో వచ్చింది. గురుడు సూర్యుడికి మనకంటే 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు, ఒక చుట్టుకు 11.86 ఏళ్ళు పడుతుంది. 5.2ను మూడుసార్లు వేసి, 11.86ను రెండుసార్లు వేసి గుణించి చూడండి. రెండూ 140 దాటి దాదాపు ఒకే చోట ఆగుతాయి.

ఈ పని అంతా సుఖంగా జరిగింది కాదు. 1611లో ఆరేళ్ళ కొడుకు, తరువాత భార్య చనిపోయారు. 1615లో తల్లి మీద చేతబడి నింద వేశారు. ఆకాశాన్ని చూపించిన ఆ తల్లిని ముసలితనంలో సంకెళ్ళు వేసి 14 నెలలు బంధించారు. కెప్లర్ పనులు మానుకుని వెళ్ళి ఆమె తరఫున తానే వాదనలు సిద్ధం చేసి 1621లో విడిపించాడు. మరుసటి ఏడే ఆమె కన్నుమూసింది. చేతబడి పేరుతో ముసలివాళ్ళను హింసించిన వార్తలు మన పత్రికల్లోనూ చదివాం కనుక ఈ సంగతి మమ్మల్ని ఎక్కువ బాధించింది.

ఆ కష్టాల మధ్యనే, 1618 నుంచి 1621 వరకు, కొత్త ఖగోళ శాస్త్రాన్ని చదువుకునేవారి కోసం ప్రశ్నలు, జవాబుల రూపంలో పాఠ్యపుస్తకం రాశాడు. క్లాసులో పిల్లలు లేని మాస్టారు పుస్తకంతో యూరప్‌కంతా మాస్టారయ్యాడు.

రావలసిన జీతం బాకీ వసూలు కోసం తిరుగుతూ 1630 నవంబర్ 15న రెగెన్స్‌బర్గ్‌లో మరణించాడు. యుద్ధంలో ఆ సమాధి కూడా మిగల్లేదు. కానీ మరుసటి ఏడు, ఆయన ముందే లెక్కగట్టి చెప్పినట్టు, నవంబర్ 7న బుధుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటాడు. 2009లో ఆయన పేరుతో పంపిన టెలిస్కోపు 2018 వరకు పనిచేసి, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే 2,600కు పైగా గ్రహాలను చూపించింది.

మిత్రులారా! ఆదివారం హాస్టల్ ముందు నేల మీద రెండు మేకులు పాతి, వాటికి వదులుగా దారపు ఉచ్చు వేసి, దాన్ని పుల్లతో బిగించి లాగుతూ గీత గీద్దాం. ఒక మేకు సూర్యుడు, గీత గ్రహం దారి. చిన్న తరగతుల తమ్ముళ్ళను పిలిచి చూపిద్దాం. లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ వేయడానికి సిగ్గుపడొద్దని కూడా చెబుదాం. ఉచిత చదువు దొరికిన ఒక పేద పిల్లవాడు లోకానికి తిరిగి ఎంత ఇచ్చాడో తలచుకుంటే, మనమూ ఏదో ఒకటి ఇవ్వగలమన్న ధైర్యం వస్తుంది.