బసవేశ్వరుని ధర్మచింతనలో దయ

ధర్మమును నిర్ణయించునది శాస్త్రమా, హృదయమా అను ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా నొసగిన మహనీయుడు బసవేశ్వరుడు. క్రీ.శ. 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకమునందలి బాగేవాడిలో, మాదిరాజు మాదాంబ అను శైవబ్రాహ్మణ దంపతులకు ఆయన జన్మించెను. అక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకేలయని బాల్యముననే ప్రశ్నించి, ఆ సంస్కారమును నిరాకరించెనని ప్రతీతి. పిదప కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమున విద్యాభ్యాసము గావించెను.

కాలక్రమమున కలచురి బిజ్జలుని కొలువున భాండాగారాధిపతి అయ్యెను. పదవి ఆయన మనస్సును కఠినపరుపజాలలేదు. పండుగనాడు బలికై తెచ్చిన గొఱ్ఱె తోరణపుటాకులనే మేయుచున్న దృశ్యమును ఆయన ఒక వచనమున చిత్రించెను. ఆ మూగజీవి యెదుట కలుగు వేదన దౌర్బల్యము కాదు. ఆచారము మరుగుపరచిన తప్పును చూపు కన్ను అది. దయలేనిది ధర్మము కాజాలదను ఆయన బోధకు అర్థమిదియే.

అయితే కలిగిన ప్రతి భావమును అనుసరింపుమని బసవన్న చెప్పలేదు. కోపము ఎదుటివానికంటె ముందు కోపించినవానినే చెఱచునని హెచ్చరించెను. అల్లమప్రభువు అధ్యక్షుడుగా అనుభవమంటపమున శరణులు తమ అనుభవములను పరస్పరము పరీక్షించుకొనిరి. అచ్చట కరుణ కన్నీటితో నిలిచిపోక, కాయకముగను దాసోహముగను పరిణమించెను.

ఆ కరుణకు కఠినపరీక్ష కల్యాణముననే ఎదురయ్యెను. చర్మకార కులమున పుట్టిన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము జరిపిరనియు, బిజ్జలుడు ఆ తండ్రులిరువురను క్రూరముగా దండించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. బసవన్న పదవిని త్యజించి కూడలసంగమమునకు మరలి, అచ్చటనే లింగైక్యమందెను. 1167 ప్రాంతమున బిజ్జలుడు వధింపబడెను, శరణులు చెల్లాచెదరైరి.

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణమును రచించి ఆ మహనీయుని చరితమును తెలుగువారికి అందించెను. దానిని భక్తితో పఠించు మనము, బిడ్డల వివాహవేళ కులమును గూర్చి విచారించునపుడు హరళయ్యను ఒక్కమారు తలచుకొనవలెను. అప్పుడు మన హృదయము కలుక్కుమన్నచో, ఆ బాధను అణచివేయరాదు. బసవన్న మనకు నేర్పిన ధర్మవిచారణ అచ్చటనే ఆరంభమగును.