తెరపై ముగ్గురు సికందర్లు.. అసలు మనిషి ఎవరు?

సికందర్ పేరు వినని ముస్లిం ఇల్లు తెలుగు నేల మీద దాదాపు ఉండదు. మగపిల్లలకు ముద్దుగా ఆ పేరు పెట్టుకుంటారు. పందెం నెగ్గినవాణ్ని సికందర్ అని మెచ్చుకుంటారు. సికింద్రాబాద్ పేరు కూడా మూడో నిజాం సికందర్ జా మీదుగా 1806లో వచ్చింది. సికందర్ జా అంటే సికందర్ అంతటి హోదా గలవాడని అర్థం. గ్రీకులో అలెగ్జాండ్రోస్‌గా ఉన్న పేరు అరబ్బుల నోట అల్ ఇస్కందర్ అయింది. అది ఫార్సీ, ఉర్దూల్లోకి వచ్చి సికందర్‌గా స్థిరపడింది.

ఇంత దగ్గరైన పేరు కాబట్టే టీవీలో అలెగ్జాండర్ మీద డాక్యుమెంటరీ వస్తోందంటే ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. అప్పుడు పిల్లల నుంచి ఓ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఖురాన్‌లో ఉన్న జుల్‌ఖర్‌నైన్ ఈయనేనా? దీనికి జవాబు చెప్పాలంటే ముందు మనిషి బతుకు తెలియాలి. ఆ బతుకును ఒక్కో కార్యక్రమం ఒక్కోలా చూపించింది.

మూడు కార్యక్రమాలు, మూడు చూపులు

ఎక్కువమంది చూసినవాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టొచ్చు. మొదటిది 1998లో బీబీసీ ఇచ్చిన నాలుగు భాగాల ‘ఇన్ ద ఫుట్‌స్టెప్స్ ఆఫ్ అలెగ్జాండర్ ద గ్రేట్’. చరిత్రకారుడు మైకేల్ వుడ్ కెమెరా వెంటబెట్టుకుని గ్రీసు నుంచి పాకిస్తాన్ దాకా సికందర్ నడిచిన దారి పట్టాడు. రెండోది 2005లో హిస్టరీ ఛానల్‌లో వచ్చిన ‘ద ట్రూ స్టోరీ ఆఫ్ అలెగ్జాండర్ ద గ్రేట్’. పీటర్ వుడ్‌వర్డ్ వ్యాఖ్యాతగా ఉన్న ఇందులో యుద్ధాలదే పెద్ద పీట. మూడోది 2024లో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన ‘అలెగ్జాండర్: ద మేకింగ్ ఆఫ్ ఎ గాడ్’. ఆరు భాగాల ఈ సిరీస్‌లో నటులు కథను నడిపిస్తుంటే, మధ్యమధ్యలో పండితులు మాట్లాడతారు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో జరుగుతున్న తవ్వకాలు కూడా కనిపిస్తాయి.

మనిషి ఒక్కడే అయినా మొదటిదాంట్లో బాటసారిగా, రెండోదాంట్లో సేనానిగా, మూడోదాంట్లో నాటకంలో కథానాయకుడిగా కనిపిస్తాడు.

పెల్లా నుంచి సింహాసనం దాకా

సికందర్ క్రీ.పూ. 356లో మాసిడోనియా రాజధాని పెల్లాలో పుట్టాడు. తండ్రి రెండో ఫిలిప్, తల్లి ఒలింపియాస్. పదమూడేళ్ల వయసులో చదువు చెప్పడానికి తండ్రి అరిస్టాటిల్‌నే పిలిపించాడు. మియెజా అనే చోట మూడేళ్లపాటు ఆ చదువు సాగింది. 18 ఏళ్లకే కైరోనియా యుద్ధంలో గుర్రపుదళాన్ని నడిపాడు. అంతకుముందే ఎవరికీ లొంగని బుసెఫలస్ అనే గుర్రాన్ని మచ్చిక చేసుకున్నాడని గ్రీకు రచయితలు రాశారు.

అయితే సికందర్ చేతికొచ్చిన సైన్యం అతను తయారు చేసింది కాదు. పొడవాటి ఈటెలతో గోడలా నిలబడే కాల్బలం, దానికి తోడు వేగంగా దూసుకెళ్లే గుర్రపుదళం, ఈ రెంటినీ కలిపి ఏళ్ల తరబడి తీర్చిదిద్దింది ఫిలిప్. కొడుకు గొప్పదనం చెప్పే తొందరలో తండ్రి కష్టాన్ని మరవకూడదు. పర్షియా మీదికి వెళ్లాలన్న పథకం కూడా ఫిలిప్‌దే. క్రీ.పూ. 336లో కూతురి పెళ్లి వేడుకలోనే తన అంగరక్షకుడి చేతిలో అతను హతమయ్యాడు. ఇరవై ఏళ్ల సికందర్ రాజయ్యాడు.

మరుసటి ఏడాది థీబ్స్ నగరం తిరగబడింది. సికందర్ దాన్ని నేలమట్టం చేశాడు. ఆరు వేలమంది చచ్చారనీ, ముప్ఫై వేలమందిని బానిసలుగా అమ్మేశారనీ పాత చరిత్రలు చెబుతాయి. కవి పిండార్ ఇంటిని మాత్రం ముట్టుకోలేదు. కవి ఇంటికి ఇచ్చిన మర్యాద ఆ ఊరి ఆడవాళ్లకు, పసిపిల్లలకు దక్కలేదు.

దారా మీదికి

క్రీ.పూ. 334లో సికందర్ సముద్రం దాటి ఆసియాలో అడుగుపెట్టాడు. గ్రానికస్ నది ఒడ్డున జరిగిన మొదటి పోరులోనే తల తెగిపోయేది. క్లీటస్ అనే యోధుడు శత్రువు చెయ్యి నరికి కాపాడాడు. 333లో ఇస్సస్ దగ్గర పర్షియా చక్రవర్తి మూడో దారా స్వయంగా ఎదురొచ్చి, ఓడి, తల్లినీ భార్యనూ పిల్లల్నీ వదిలి పారిపోయాడు. సికందర్ వాళ్లను రాజమర్యాదలతోనే చూసుకున్నాడు. ఇది అతని జీవితంలో నిజంగా మెచ్చుకోదగ్గ ఘట్టం.

కానీ ఆ వెంటనే వచ్చిన టైర్ కథ వేరు. నేటి లెబనాన్ తీరంలో ఉన్న ఆ ద్వీప నగరం లొంగనంది. సముద్రంలోకి రాళ్లు, కలప పోసి దారి కట్టి, ఏడు నెలలు ముట్టడించి పట్టుకున్నాడు. తర్వాత రెండు వేలమందిని తీరం వెంబడి శిలువ వేయించాడు. వేలమంది బానిసలయ్యారు. ఆ మట్టికట్ట చుట్టూ ఇసుక మేట వేసి, నేటికీ టైర్ ద్వీపం కాకుండా నేలతో కలిసే ఉంది. గాజా కూడా రెండు నెలలపాటు ఎదిరించి అదే గతి పట్టింది.

యుద్ధాలనే చూపించే డాక్యుమెంటరీతో వచ్చే చిక్కు ఇక్కడే. తెర మీద బాణం గుర్తులు కదులుతాయి, ఎవరు ఎటు నుంచి దాడి చేశారో చక్కగా అర్థమవుతుంది. గౌగమేలా సంగతి తెలుసుకోవాలంటే అంతకంటే మంచి పద్ధతి లేదు కూడా. నేటి ఇరాక్‌లో మోసుల్ దగ్గర క్రీ.పూ. 331 అక్టోబర్ 1న జరిగిన ఆ యుద్ధంలో తక్కువ సైన్యంతో దారా దళాన్ని ఎలా చీల్చాడో మాటల్లో చెబితే తలకెక్కదు. కానీ బాణం గుర్తుకు నెత్తురు ఉండదు. గెలిచిన మర్నాడు ఊళ్లో ఏమైందో అది చెప్పదు.

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ చేసిన మేలు ఏమిటంటే, ఓడినవాడికీ ముఖం ఇచ్చింది. అందులో దారా పారిపోయే పిరికివాడు మాత్రమే కాదు, ఇల్లూ వాకిలీ ఆలోచనా ఉన్న మనిషి. అయితే ఆరు భాగాలూ దారాతో పోరు చుట్టూనే తిరుగుతాయి. కథ హిందుస్తాన్ దాకా రాదు. నటుల నోట వినపడే మాటలు రచయితలు రాసినవే, చరిత్రలో దొరికినవి కావు. పిల్లలకు ఈ తేడా చెప్పాలి.

మంటల్లో పర్సెపోలిస్

క్రీ.పూ. 330లో పర్షియా రాజుల వైభవానికి గుర్తయిన పర్సెపోలిస్ తగలబడింది. తాగిన మైకంలో చేశాడని కొందరు రాస్తే, గ్రీకు గుళ్లను కాల్చినందుకు పగ తీర్చుకున్నాడని కొందరు రాశారు. ఆ రాళ్లు నేటికీ ఇరాన్‌లో షీరాజ్ దగ్గర నిలబడి ఉన్నాయి.

మైకేల్ వుడ్ ప్రయాణం విలువ ఇలాంటి చోట తెలుస్తుంది. పుస్తకాల్లో రాసింది ఒకటైతే, ఆ దారిలో బతుకుతున్న జనం తాతముత్తాతల నుంచి చెప్పుకుంటున్నది మరొకటి. ఇరాన్‌లోని జొరాస్ట్రియన్ల పాత గ్రంథాల్లో సికందర్ శాపగ్రస్తుడు, మతగ్రంథాలను తగలబెట్టినవాడు. అదే ఇరాన్‌లో ఫిర్దౌసీ షానామాకు వచ్చేసరికి సికందర్ పర్షియా రాజు కొడుకే అయిపోతాడు, దారాకు అన్న అవుతాడు. పరాయివాడి చేతిలో ఓడిన బాధను ఆ జాతి ఇలా సొంతవాణ్ని చేసుకుని దిగమింగింది. తర్వాత నిజామీ గంజవీ ఇస్కందర్‌నామా, ఢిల్లీలో అమీర్ ఖుస్రో ఆయినా-ఎ-సికందరీ రాశారు. హిందుస్తాన్ ముస్లిం ఇళ్లకు వచ్చిన సికందర్ ఎక్కువగా ఈ కావ్యాల సికందరే.

దోస్తుల నెత్తురు

దారాను సొంత మనుషులే చంపేశాక సికందర్‌కు ఎదురులేదు. కానీ మనిషి మారాడు. సేనాని ఫిలోటస్ మీద కుట్ర నేరం మోపి చంపించాడు. తండ్రి కాలం నుంచి సేవ చేసిన ఫిలోటస్ తండ్రి పర్మీనియన్‌ను కూడా బతకనివ్వలేదు. 328లో సమర్‌ఖండ్‌లో ఓ విందులో మాటామాటా పెరిగి, గ్రానికస్ దగ్గర తన ప్రాణం కాపాడిన క్లీటస్‌నే ఈటెతో పొడిచి చంపాడు. ఆ తర్వాత రోజుల తరబడి తిండి మానేసి ఏడ్చాడట. ఏడిస్తే క్లీటస్ తిరిగి రాలేదు.

ఝీలం ఒడ్డున

క్రీ.పూ. 326లో సింధు దాటాడు. తక్షశిల రాజు అంభి తలుపులు తెరిచాడు. ఝీలం అవతల పోరస్, తెలుగు పాఠాల్లో పురుషోత్తముడు, ఏనుగులతో నిలబడ్డాడు. వానా చీకటీ చూసుకుని సికందర్ ఎగువన నది దాటి గెలిచాడు. పోరస్ కొడుకులు ఆ యుద్ధంలో పోయారు. గాయాలతో పట్టుబడ్డ పోరస్ రాజుగానే చూడమని అడిగాడనీ, సికందర్ రాజ్యం తిరిగి ఇచ్చి మరికొంత కలిపాడనీ గ్రీకు చరిత్ర చెబుతుంది. 1941లో సోహ్రాబ్ మోదీ తీసిన ‘సికందర్’ సినిమాతో ఈ ఘట్టం దేశమంతా పాకింది. అందులో సికందర్ పృథ్వీరాజ్ కపూర్, పోరస్ సోహ్రాబ్ మోదీయే.

బియాస్ నది దగ్గర సైన్యం ఇక నడవనంది. ఎనిమిదేళ్లుగా ఇంటి ముఖం చూడని మనుషులు. మూడు రోజులు గుడారంలో అలిగి కూర్చున్నా సైన్యం కదల్లేదు. లోకాన్ని వంచినవాణ్ని చివరికి వంచింది సొంత సిపాయిల అలసటే. తిరుగుదారిలో ముల్తాన్ ప్రాంతంలో ఛాతీలో బాణం దిగి చావు అంచుకు వెళ్లాడు. ఆ కోటలో ఉన్నవాళ్లను సైన్యం ఆడామగా చూడకుండా నరికింది. తర్వాత బలూచిస్తాన్‌లోని మక్రాన్ ఎడారిలో దాహానికి, ఎండకు వేలమందిని పోగొట్టుకున్నాడు.

బాబిలోన్‌లో ఆఖరు

క్రీ.పూ. 323 జూన్‌లో బాబిలోన్‌లో జ్వరం పట్టుకుంది. పది పన్నెండు రోజుల్లో ప్రాణం పోయింది. ముప్ఫై మూడేళ్లు కూడా నిండలేదు. రాజు మరణాన్ని బాబిలోన్ జ్యోతిష్కులు మట్టిపలక మీద నమోదు చేశారు. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ పలక అతని కాలంలోనే రాసింది. నేడు చదివే పూర్తి చరిత్రలు మాత్రం అరియన్, ప్లూటార్క్ లాంటివాళ్లు వందల ఏళ్ల తర్వాత రాసినవి. ఏ డాక్యుమెంటరీ అయినా వీటి మీదే నిలబడాలి. అందుకే ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

శవపేటిక నుంచి ఖాళీ చేతులు బయటికి పెట్టమన్నాడనే కథ ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తుంది. నీతి మంచిదే కానీ, ఆ పాత చరిత్రల్లో అది లేదు. నిజంగా జరిగింది అంతకంటే కఠినం. పదిహేనేళ్లు తిరగకముందే తల్లి ఒలింపియాస్, భార్య రుక్సానా, నాన్నను చూడనైనా చూడని కొడుకు, అందరూ అధికారం కోసం కొట్టుకున్నవాళ్ల చేతుల్లో చచ్చారు. శవాన్ని సేనాని టాలెమీ ఈజిప్టుకు తీసుకుపోయాడు. అలెగ్జాండ్రియాలో శతాబ్దాలపాటు రాజులు వెళ్లి చూసిన ఆ సమాధి ఎక్కడుందో ఇప్పుడెవరికీ తెలీదు.

జుల్‌ఖర్‌నైన్ మాట

ఇక పిల్లల ప్రశ్న. సూరా కహఫ్‌లోని జుల్‌ఖర్‌నైన్ అల్లాహ్‌ను నమ్మిన పాలకుడు. పడమరకూ తూర్పుకూ ప్రయాణించాడు. యాజూజ్, మాజూజ్‌ల బెడద ఉన్న జనానికి ఇనుము, కరిగించిన రాగితో గోడ కట్టి, వాళ్లు ఇస్తామన్న సొమ్ము తీసుకోలేదు. ఆ పేరుకు రెండు కొమ్ములవాడని అర్థం. సికందర్ చనిపోయాక వేసిన నాణేల మీద అతని తలకు పొట్టేలు కొమ్ములు ఉండేవి. ఈ పోలిక చూసే ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ వంటి పెద్దలు ఇద్దరూ ఒకరేనన్నారు. ఇబ్నె కసీర్ దాన్ని ఒప్పుకోలేదు. అరిస్టాటిల్ కాలపు సికందర్ బహుదేవతల్ని కొలిచినవాడనీ, జుల్‌ఖర్‌నైన్ వేరనీ తేల్చారు. మౌలానా అబుల్ కలాం ఆజాద్ తర్జుమానుల్ ఖురాన్‌లో జుల్‌ఖర్‌నైన్ అంటే పర్షియా చక్రవర్తి సైరస్ అని వాదించారు.

ఖురాన్ చెప్పిన గుణాలను పక్కన పెట్టుకుని సికందర్ బతుకు చూస్తే ఇబ్నె కసీర్ మాట బరువు తెలుస్తుంది. సొమ్ము వద్దని గోడ కట్టి జనాన్ని కాపాడిన పాలకుడు ఒకవైపు. థీబ్స్, టైర్, గాజా గోడలు కూల్చి జనాన్ని సంతలో అమ్మినవాడు మరోవైపు.

మూడింటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే మైకేల్ వుడ్ చూడొచ్చు. యుద్ధం అర్థం కావాలంటే హిస్టరీ ఛానల్, దారా వైపు కథ కావాలంటే నెట్‌ఫ్లిక్స్. అందులో పెద్దలకు తగిన సన్నివేశాలు ఉన్నాయి కాబట్టి పిల్లల పక్కన పెద్దవాళ్లు కూర్చోవడం మేలు. ఏది చూసినా గెలిచిన ప్రతిచోటా ఒకసారి ఆపి, ఓడిన ఊళ్లోవాళ్లు ఏమయ్యారో పిల్లల్ని అడగాలి. సికందర్ అని పేరు పెట్టుకున్న పిల్లాడికైతే ఆ ప్రశ్న మరీ అవసరం.