తమిళ ఊరి నుంచి డోర్నకల్ దాకా...

డోర్నకల్ జంక్షన్‌లో కొత్తగూడెం బండి కోసం ఎన్నిసార్లు కూర్చున్నానో! అక్కడికి దగ్గర్లోనే పెద్ద చర్చి ఉందని తెలుసు. దాన్ని కట్టించిన బిషప్ అజరయ్య తెలుగాయనేనని చాలా కాలం అనుకున్నాను. కాదట! తీరా చూస్తే ఆయనది వెయ్యి కిలోమీటర్ల అవతలి ఊరు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో పుట్టారు. వాళ్లది నాడార్ కుటుంబం. 1839లో క్రైస్తవం తీసుకున్న తండ్రి థామస్ వేదనాయకం పల్లెటూరి పాదిరి. 1889లో ఆయన పోయాక, తల్లి ఎలెన్ పెంపకమే కొడుక్కి దిక్కయింది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన అజరయ్య వైఎంసీఏలో పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లి చేసుకున్నారు, పైసా కట్నం పుచ్చుకోకుండా! ఆమె ఆ రోజుల్లోనే కాలేజీ గడప తొక్కిన అమ్మాయి. అన్బు అంటే తమిళంలో ప్రేమ.

మనవాళ్ల డబ్బుతో, మనవాళ్ల చేతులతోనే సేవ జరగాలని ఆయన 1903లో తిరునల్వేలిలో ఒక మిషనరీ సంఘం పెట్టారు. పనిచేసే చోటు డోర్నకల్. అప్పటికది నిజాం రాజ్యంలోని ఊరు. ఇతరులను పంపించి తాను ఇంట్లో కూర్చుంటే ఎలా? 1909లో తానే బయల్దేరారు. పరాయి భాష, పరాయి ఊరు. మెట్టినింటికి వెళ్లే ఆడపిల్లలా ఆయనా మొదటి నుంచి అన్నీ నేర్చుకోవాల్సిందే. తెలుగు నేర్చుకుని, పల్లెపల్లెకూ తిరిగారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు.

1910లో ఎడింబరో సభలో తెల్ల మిషనరీల ముఖం మీదే, మాకు పెద్దరికం కాదు, స్నేహం కావాలన్న అర్థంలో మాట్లాడారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు ఆ పదవికి రావడం అదే మొదలు. కానీ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నదీ ఆయనే. మతమార్పిడి విషయంలో గాంధీజీతో మాత్రం ఆయనకు పొసగలేదు.

ఇక అన్బమ్మ! నలుగురు కొడుకులనూ, ఇద్దరు కూతుళ్లనూ పెంచుతూనే పల్లెటూరి తల్లుల సంఘాల పని చూసుకున్నారు. బిషప్ గారి పేరు పుస్తకాల్లోకెక్కింది. ఆమె పేరు అడిగితేగానీ ఎవరూ చెప్పరు. నాకదే బాధ.

ఆ చర్చిలో గుడి మండపం లాంటి స్తంభాలూ, మసీదు లాంటి గుమ్మటాలూ కలిసి ఉంటాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆరేళ్లకు, 1945 జనవరి 1న, ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తిరునల్వేలిలో పుట్టినవాడికి ఈ మట్టే సొంతమైంది.

ఎవరి ఇంటి చరిత్ర తవ్వినా ఎక్కడో ఒక ప్రయాణం బయటపడుతుంది. ఆ బండెక్కిన ఆడవాళ్ల పేర్లు కూడా అడిగి రాసుకుందాం. మీ అమ్మమ్మ ఏ ఊరి నుంచి వచ్చిందో ఈ రోజే అడిగి చూడండి!